యోగసాధనను ఈశ్వరార్పణంగా మలచుకోవడం ఎలా?

యోగాసనాలు క్రమం తప్పకుండా వేస్తున్నవారిలో చాలామందికి కొంతకాలం గడిచాక ఒక వెలితి తెలుస్తుంది. నడుము నొప్పి తగ్గింది, నిద్ర బాగా పడుతోంది, కోపం కూడా కొంత అదుపులోకి వచ్చింది. అయినా ఈ సాధన మనిషిని భగవంతుడికి చేరువ చేస్తుందని పెద్దలు చెప్పిన మాట మాత్రం తమ అనుభవంలోకి రాలేదని వారికి అనిపిస్తుంది. అప్పుడు వారు మరిన్ని ఆసనాలనో, మరింత కఠినమైన ప్రాణాయామాన్నో వెతుక్కుంటారు. నా అభిప్రాయంలో లోపం అక్కడ లేదు. చేస్తున్న సాధనను ఎవరికి సమర్పిస్తున్నామన్నది మనసులో స్థిరపడకపోవడం వల్లనే ఆ వెలితి మిగిలిపోతుంది.

యోగశాస్త్రానికి మూలగ్రంథమైన పతంజలి యోగసూత్రాలను తెరిచి చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆసనం ఎలా ఉండాలో, దానివల్ల ఏమి కలుగుతుందో అక్కడ మూడే సూత్రాల్లో చెప్పారు. ఈశ్వరప్రణిధానం, అంటే చేసే ప్రతి పనినీ దాని ఫలితంతో సహా ఈశ్వరుడికి అప్పగించడం, మాత్రం నాలుగు చోట్ల వస్తుంది: సమాధికి, అంటే మనసు పూర్తిగా ఏకాగ్రమై నిలిచే స్థితికి, ఒక మార్గంగా, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం కలిసిన క్రియాయోగంలో మూడో భాగంగా, సాధకుడు పాటించాల్సిన అయిదు నియమాల్లో చివరిదిగా, చివరకు సమాధి సిద్ధించడానికి కారణంగా. కాబట్టి ఇక్కడ చెప్పబోయే క్రమంలో ప్రతి దశకూ ఆ సమర్పణే ఆధారం. రోజుకు నలభై నిమిషాలు కేటాయించగలిగితే ఈ సాధన మొత్తం అందులో ఇమిడిపోతుంది.

ముందుగా ఎవరి ఎదుట కూర్చుంటున్నారో తేల్చుకోండి

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. దైవాన్ని మీరు ఒక రూపంలో కొలుస్తారా, ఒక నామంగా తలుస్తారా, లేక రూపనామాలు లేని సర్వసాక్షిగా భావిస్తారా అన్నది తీరికగా ఆలోచించి ఒకదాన్ని ఎంచుకోండి. పతంజలి ఈశ్వరుణ్ణి క్లేశాలూ (అవిద్య, రాగద్వేషాల వంటి బాధలు) కర్మలూ వాటి ఫలితాలూ వాసనలూ (అవి మనసులో మిగిల్చే సంస్కారాలు) అంటని పురుషవిశేషంగా, అంటే ఒక విశిష్ట చైతన్యంగా, పూర్వులకు కూడా గురువుగా వర్ణించారే తప్ప ఫలానా రూపాన్నే ధ్యానించాలని నిర్దేశించలేదు. ఆయనను తెలిపే పదం ప్రణవం, అంటే ఓంకారం, అని చెప్పి, స్వాధ్యాయం (పవిత్ర గ్రంథాల అధ్యయనం, మంత్రజపం) వల్ల ఇష్టదేవతతో సంబంధం కలుగుతుందని మరోచోట అన్నారు. అందువల్ల శివుణ్ణో, విష్ణువునో, అమ్మవారినో కొలిచేవారికి ఎంత చోటు ఉందో, హృదయంలో వెలుగును మాత్రమే భావించేవారికీ అంతే చోటు ఉంది. వేరే మతసంప్రదాయంలో పెరిగినవారు తమ ప్రార్థనలో ఉన్న నామాన్నే నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ఎంపిక కష్టంగా ఉంటే, ఆపద వచ్చినప్పుడు మీ నోట అప్రయత్నంగా ఏ పేరు వస్తుందో గమనించండి. ఏళ్ల తరబడి మీలో పాతుకుపోయిన నామం అదే, దానితో మొదలుపెట్టడం తేలిక. విశ్వాసమే గట్టిగా లేనివారు ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవచ్చు: ‘నీవు ఉన్నావో లేవో నాకు తెలియదు, ఉంటే నన్ను నీవైపు తిప్పుకో’ అన్న ప్రార్థన పూర్తి నిజాయతీతో చేసినదైతే, అలవాటుగా వల్లించే స్తోత్రం కంటే దానికి ఎక్కువ బలం ఉంటుందని నేను నమ్ముతాను. ఏది ఎంచుకున్నా కనీసం ఆరు నెలలు మార్చవద్దు. వారానికొక మంత్రం, నెలకొక దేవత అన్నట్టు సాగితే మనసుకు ఏ ఒక్కచోటా లోతు దొరకదు.

స్థలం, సమయం, ఆసనం

భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునేవారు శుచియైన చోట, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని స్థిరమైన ఆసనం ఏర్పరచుకోవాలని, శరీరం, మెడ, తల నిటారుగా నిలపాలని ఉంది. ఈ మూడింటికి మించి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. ఇంట్లో ఒక మూల చాలు, కానీ రోజూ అదే మూల కావాలి. తెల్లవారుజామున కుదిరితే అన్నిటికంటే మంచిది; కుదరనివారు సంధ్యవేళను గానీ, ఇంట్లో సందడి తగ్గే మరో సమయాన్ని గానీ స్థిరపరచుకోవచ్చు. భోజనం చేశాక కనీసం మూడు గంటలు గడిచి ఉండాలి.

కింద కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తుంటే, మడత పెట్టిన దుప్పటిని పిరుదుల కింద వేసుకుని తుంటిని ఎత్తులో ఉంచండి. వెన్నెముక తనంతట తానే నిలబడుతుంది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కుర్చీలో పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుంటే చాలు. పద్మాసనం వేయలేకపోతే ధ్యానం కుదరదన్నది అపోహ. స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని సూత్రం చెబుతోంది.

కూర్చోగానే చేతులు జోడించి ఒక్క వాక్యంలో సంకల్పం చెప్పుకోండి. ‘ఈ నలభై నిమిషాల్లో నేను చేసేదీ, నాకు కలిగేదీ నీదే’ అన్న అర్థం వచ్చేలా మీ సొంత మాటల్లో చెప్పుకుంటే సరిపోతుంది. ఆరోగ్యం కావాలనో, మనశ్శాంతి కావాలనో ఈ సమయంలో కోరవద్దు. ఆ కోరికల్లో తప్పు లేదు, వాటికి వేరే ప్రార్థన ఉంది. ఇక్కడ మాత్రం అడగడం మానుకుని ఇవ్వడం అలవాటు చేసుకుంటున్నాం.

శరీరాన్ని సిద్ధం చేయడం

పది నిమిషాలు దీనికి చాలు. మూడు నుంచి ఆరు సూర్యనమస్కారాలు, తరువాత భుజంగాసనం, పశ్చిమోత్తానాసనం, ఒక నిమిషం శవాసనం వేస్తే వెన్నెముక ముందుకూ వెనక్కీ వంగి, కాసేపు కదలకుండా కూర్చోవడానికి శరీరం సిద్ధమవుతుంది. సూర్యనమస్కారాలకు ఓం మిత్రాయ నమః మొదలుకొని ఓం భాస్కరాయ నమః వరకు పన్నెండు నామాలు ఉన్నాయి. ఒక్కొక్క నమస్కారానికి ముందు ఒక్కొక్క నామం చెప్పుకుంటే అది వ్యాయామ స్థాయిని దాటి నమస్కారంగానే నిలుస్తుంది. ముందుకు వంగే ప్రతి భంగిమలోనూ తల వంచుతున్నది ఎవరి ఎదుటో ఒక్క క్షణం గుర్తు చేసుకోండి.

ఆసనంలో ఉన్నప్పుడు బిగబట్టిన చోట్లను వెతికి వదలండి: దవడ, కనుబొమల నడుమ, భుజాలు, పొట్ట. ప్రయత్నాన్ని సడలించడం వల్లనూ అనంతంపై మనసు నిలపడం వల్లనూ ఆసనం సిద్ధిస్తుందని పతంజలి చెప్పిన మాటకు ఆచరణ ఇక్కడే దొరుకుతుంది. శరీరంలో పట్టు వదలడం నేర్చుకున్నవారికి మనసులో పట్టు వదలడం అంత కొత్తగా అనిపించదు.

శ్వాస

చలే వాతే చలం చిత్తమ్ అని హఠయోగ గ్రంథమైన హఠయోగప్రదీపిక అంటుంది; శ్వాస కదులుతుంటే చిత్తం కదులుతుంది, అది నిలిస్తే ఇదీ నిలుస్తుంది. కోపంలో ఊపిరి ఎలా ఎగసిపడుతుందో గుర్తున్నవారికి దీన్ని వేరుగా నిరూపించనక్కరలేదు.

అయిదు నిమిషాల పాటు ముక్కుతోనే నాలుగు లెక్కలు శ్వాస తీసుకుని, ఆరు లెక్కలు వదలండి. ఒక్కో లెక్క ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. ఇబ్బందిగా ఉంటే మూడు, నాలుగు లెక్కలతో మొదలుపెట్టండి. ఊపిరి అందక తడబడే స్థితి రాకూడదు. ఇది అలవాటయ్యాక నాడీశోధనం చేర్చుకోవచ్చు: కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమతో తీసుకోవడం, ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి కుడితో వదలడం, తిరిగి కుడితోనే తీసుకుని ఎడమతో వదలడం ఒక ఆవృత్తి. అలాంటివి ఆరు నుంచి పది చాలు. శ్వాసను ఆపి ఉంచే కుంభకాన్ని చదివి నేర్చుకోవద్దు. అనుభవజ్ఞుడైన గురువు ఎదుట మాత్రమే చేయండి. అధిక రక్తపోటు, గుండె జబ్బు, నీటికాసులు ఉన్నవారు, గర్భిణులు కుంభకాన్నీ, తలకిందులుగా వేసే ఆసనాలనూ పూర్తిగా వదిలివేయాలి. ముందుకూ వెనక్కూ బాగా వంగే భంగిమల విషయంలోనూ వైద్యుణ్ణి అడిగాకే నిర్ణయించుకోవాలి.

ఈ దశలోనూ సమర్పణ మరువవద్దు. లోపలికి వచ్చే శ్వాసను మీరు తయారు చేయలేదు, అది ఇవ్వబడింది. వదిలే శ్వాసను ఇచ్చినవాడికే తిరిగి అప్పగిస్తున్నానని భావిస్తూ వదలండి. మొదటి రోజుల్లో ఇది ఊహ మాత్రంగానే ఉంటుంది. కొన్ని వారాలకు ఆ భావన శ్వాసతో పాటే వచ్చి చేరుతుంది.

జపం: ఈ సాధనకు గుండెకాయ

తజ్జపస్తదర్థభావనమ్ అన్న చిన్న సూత్రంలో పతంజలి రెండు పనులు కలిపి చెప్పారు: నామాన్ని జపించడం, దాని అర్థాన్ని భావించడం. మొదటిది చాలామంది చేస్తారు. రెండోది జారిపోతుంది. నామం నోట తిరుగుతూ ఉంటుంది, మనసు నిన్నటి మాటల దగ్గర ఉంటుంది. అలా చేసిన వెయ్యి జపాల కంటే ఎదుట ఒకరు ఉన్నారన్న ఎరుకతో చేసిన పది జపాలు మేలు.

మొదట కొద్ది నిమిషాలు పైకి వినిపించేలా జపించండి. దీన్ని వాచికం అంటారు. మనసు చెదురుతున్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఇదే మందు. తరువాత పెదవులు మాత్రమే కదిలేలా, పక్కవారికి వినపడనంత మెల్లగా చేయండి, ఇది ఉపాంశువు. ఆపైన పెదవులూ నాలుకా కదలకుండా మనసులోనే జపించండి, ఇది మానసికం. ఈ మూడింటిలో మానసిక జపాన్ని శ్రేష్ఠమని చెబుతారు కాబట్టి నేరుగా దానికే వెళ్లాలని చాలామంది తొందరపడతారు, అక్కడే మనసు తప్పిపోతుంది. వరసగా దిగితే ఆ ఇబ్బంది రాదు. మధ్యలో మనసు చెదిరితే తిరిగి పైకి జపించడానికి సందేహించవద్దు.

జపమాల వాడేవారు 108 పూసల మాలను కుడిచేతి మధ్యవేలిపై ఉంచి బొటనవేలితో తిప్పుతారు, చూపుడువేలు తగలనివ్వరు. మాల మొదలూ చివరా కలిసేచోట ఉండే మేరుపూస దగ్గరికి వచ్చాక దాన్ని దాటకుండా మాలను వెనక్కి తిప్పుకుంటారు. ఒక చిన్న నామానికి అయిదు సెకన్లు పడుతుందనుకుంటే మాల పూర్తి కావడానికి తొమ్మిది నిమిషాలు అవుతుంది. అంతకంటే వేగంగా పూర్తవుతుంటే భావనకు చోటు చాలడం లేదని అర్థం. మాల లేకపోయినా నష్టమేమీ లేదు, సమయాన్ని బట్టి జపించవచ్చు.

అర్థభావన ఎలా చేయాలన్నది ఇక అసలు ప్రశ్న. నిఘంటువులో ఉన్న అర్థాన్ని నెమరు వేసుకోవడం ఇక్కడ ఉద్దేశం కాదు. నామం పలికిన ప్రతిసారీ ఆ నామం గలవాడు వింటున్నాడని భావించండి. దీనికి మూడు ఆధారాలు పనికివస్తాయి, వాటిలో మీకు నప్పేది ఒకటి తీసుకోండి. రూపాన్ని ఇష్టపడేవారు పాదాల నుంచి మొదలుపెట్టి ముఖం వరకు మెల్లగా భావిస్తూ, చివరకు పాదాల దగ్గరో చూపు దగ్గరో నిలవవచ్చు. రూపమంతా స్పష్టంగా కనిపించాలని పట్టుబడితే అది చిత్రలేఖనంగా మారిపోతుంది, ఒక్క అంగం నిలిచినా చాలు. రూపం కుదరనివారు హృదయస్థానంలో శోకం అంటని ఒక వెలుగును భావించవచ్చు; యోగసూత్రాల్లో చిత్తస్థైర్యానికి చెప్పిన ఉపాయాల్లో ఇదీ ఒకటి. రెండూ కుదరనివారు ‘నన్ను ఎరిగినవాడు ఇక్కడ ఉన్నాడు’ అన్న భావన ఒక్కటే ఉంచుకోవచ్చు. ఓంకారాన్ని జపించేవారు పన్నెండే మంత్రాలున్న మాండూక్యోపనిషత్తును ఒకసారి అర్థంతో చదువుకుంటే మంచిది. ఓంకారంలోని అకార ఉకార మకారాలను జాగ్రత్, స్వప్న, సుషుప్తులకు, అంటే మెలకువ, కల, గాఢనిద్రలకు చెప్పి, వాటికి అతీతమైన నాలుగోదాన్ని ఆ ఉపనిషత్తు చూపుతుంది. ఆ నాలుగోదాన్ని ఓంకారం ముగిశాక మిగిలే నిశ్శబ్దంలో గమనించవచ్చు.

జపం నుంచి మౌనానికి, మౌనం నుంచి జపానికి

జపం సాగుతుండగా ఎప్పుడో ఒకప్పుడు నామం తనంతట తాను పలుచబడుతుంది. పలకాలనిపించదు, అయినా ఎరుక చెదరదు. అప్పుడు జపాన్ని బలవంతంగా కొనసాగించకుండా ఆపి, అలాగే ఉండండి. ఆ స్థితి అర నిమిషం ఉండవచ్చు, మూడు శ్వాసలే ఉండవచ్చు. మళ్లీ ఆలోచన మొదలైందని తెలియగానే నామానికి తిరిగి రండి. తజ్జపస్తదర్థభావనమ్ అన్న సూత్రం మీద వ్యాసభాష్యం (యోగసూత్రాలకు ప్రాచీన వ్యాఖ్య) ఉదాహరించిన ఒక శ్లోకం సరిగ్గా ఇదే పద్ధతి చెబుతుంది: స్వాధ్యాయం తరువాత యోగంలో నిలవాలి, యోగం తరువాత తిరిగి స్వాధ్యాయానికి రావాలి, ఈ రెండూ నిండినప్పుడు పరమాత్మ ప్రకాశిస్తాడు. ఇక్కడ స్వాధ్యాయమంటే జపమే. ఈ రాకపోకలను వైఫల్యంగా లెక్కించి బాధపడేవారిని చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే సాధన అంటేనే ఈ రాకపోకలు.

జపం ముగిశాక అయిదు నుంచి పది నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోండి. మనసు ఎటు వెళ్లినా అటునుంచి మరల్చి ఆత్మలోనే నిలపమని గీత చెప్పింది. ఎన్నిసార్లు అన్న పరిమితి పెట్టలేదు. మనసు చంచలమైనది, గాలిని పట్టినట్టే దాన్ని పట్టడం కష్టమని అర్జునుడు అన్నప్పుడు కృష్ణుడు కాదనలేదు, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ పట్టుబడుతుందని మాత్రమే చెప్పాడు. మనసును మరల్చేటప్పుడు చిరాకు పడవద్దు. తప్పటడుగులు వేస్తూ పక్కకు పోయిన పసిబిడ్డను తల్లి ఎత్తుకుని తెచ్చుకున్నట్టుగా తెచ్చుకోండి.

కన్నీళ్లు రావచ్చు, ఒంట్లో పులకింత కలగవచ్చు, వెలుగు కనిపించవచ్చు. ఇవేవీ రాకపోవచ్చు కూడా. వస్తే ఆపవద్దు, పోతే వెతకవద్దు. నిన్న కలిగిన అనుభూతిని ఈరోజు తిరిగి రప్పించాలని కూర్చుంటే, అప్పటికే మీ ధ్యానం భగవంతుడి నుంచి ఆ అనుభూతి మీదికి మారిపోయింది. అడ్డంకుల పట్టికలో పతంజలి భ్రాంతిదర్శనాన్ని, అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూడటాన్ని, కూడా చేర్చారన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. మరోవైపు, సుదీర్ఘ ధ్యానం తరువాత భయాలు పెరగడం, వరసగా నిద్ర పట్టకపోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం వంటివి ఉంటే సాధన సమయాన్ని వెంటనే తగ్గించి మానసిక వైద్యుణ్ణి కలవండి. దాన్ని దైవానుగ్రహమనో, వెన్నెముక అడుగున నిద్రించే శక్తిగా చెప్పే కుండలిని లేచిందనో వ్యాఖ్యానించి ముందుకు నెట్టేవారి మాట వినవద్దు.

ఎండిపోయినట్టు అనిపించే రోజులు

ఈ దారిలో వ్యాధి, మందకొడితనం, సంశయం, ఏమరుపాటు, సోమరితనం, విషయాలపై ఆశ, భ్రాంతి, మెట్టు అందకపోవడం, అందిన మెట్టు మీద నిలవలేకపోవడం అని తొమ్మిది అంతరాయాలను సూత్రకారుడు లెక్కించారు. వాటిలో ఎక్కువమందిని నిలువునా ఆపేసేది సంశయం. కొన్ని వారాలు ఉత్సాహంగా సాగిన సాధన ఒక్కసారిగా రుచి కోల్పోతుంది, నామం ఉత్త శబ్దంలా వినిపిస్తుంది, ఎదుట ఎవరూ లేరనిపిస్తుంది. ఆ రోజుల్లో సమయాన్ని పెంచవద్దు, పూర్తిగా మానవద్దు. పది నిమిషాలకు తగ్గించి, సంకల్పంలో ఒక్క మాట చేర్చండి: ‘ఈరోజు నా దగ్గర ఈ ఎండిన మనసే ఉంది, దీన్నే ఇస్తున్నాను.’ రసం ఉన్నప్పుడు ఇచ్చినదానిలో మన సుఖం కొంత కలిసి ఉంటుంది. రసం లేని రోజున ఇచ్చినదానిలో అది ఉండదు కాబట్టి ఆ రోజులను నేను తక్కువగా చూడను. దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేసిన అభ్యాసమే దృఢపడుతుందని చెప్పిన సూత్రంలో ఆదరం అన్న మూడో షరతు పరీక్షకు వచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే.

మిగిలిన రోజంతా

ఆసనం మీద నుంచి లేచేటప్పుడు ఆ సంబంధాన్ని అక్కడే వదిలి రావద్దు. ఏది చేసినా, ఏది తిన్నా, ఏది ఇచ్చినా నాకు అర్పణగా చేయమని గీత తొమ్మిదో అధ్యాయం చెప్పిన మాటను ఆచరణలో పెట్టడానికి రోజులో మూడు సందర్భాలు ముందే నిర్ణయించుకోండి: భోజనానికి ముందు, పని మొదలుపెట్టే ముందు, పడుకునే ముందు. ఆ మూడు వేళల్లో ఒక్క శ్వాసకాలం ఆగి నామం తలచుకోండి. మూడూ అలవాటయ్యాక నాలుగోది దానంతట అదే చేరుతుంది.

మనుషులతో వ్యవహారం మరింత కష్టమైన పాఠం. సుఖంగా ఉన్నవారిపట్ల స్నేహం, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణ, పుణ్యం చేసేవారిని చూసి సంతోషం, పాపం చేసేవారిపట్ల ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం తేటపడుతుందని పతంజలి చెప్పారు. వీటిలో మీకు అన్నిటికంటే కష్టమైనది ఏదో మీకే తెలుసు. తోటివారి సుఖాన్ని చూసి మనసు ముడుచుకుపోయేవారు స్నేహాన్నీ, ఇతరుల తప్పులను రోజంతా మోసుకు తిరిగేవారు ఉపేక్షనూ ఒక నెల పాటు పట్టుకోండి. సాధన ముందుకు సాగుతోందా లేదా అన్నది తెలుసుకోవాలంటే ధ్యానంలో ఏమి కనిపించిందని చూసుకోవద్దు. ఇంట్లోవారితో మాట్లాడే తీరు మారిందా, పొరపాటు చేసినప్పుడు ఒప్పుకోగలుగుతున్నారా, ఒంటరిగా ఉన్నప్పుడు అంతకుముందున్న భయం తగ్గిందా అని చూసుకోండి.

గురువు అవసరమా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. నామజపానికీ, సరళమైన శ్వాసకూ, మౌనంగా కూర్చోవడానికీ గురువు దొరికేదాకా ఆగనక్కరలేదు. బీజమంత్రాలకు (హ్రీం వంటి ఏకాక్షర మంత్రాలు), కుంభకానికి, బంధాలకు (శరీరంలో కొన్ని చోట్ల కండరాలను బిగించి ఉంచే ప్రక్రియలు) మాత్రం గురూపదేశం తప్పనిసరి. గురువును ఎంచుకునేటప్పుడు ఆయన మహిమల గురించి విన్న కథలను పక్కన పెట్టి, డబ్బు విషయంలోనూ శిష్యులతో మెలగడంలోనూ ఆయన నడవడిక ఎలా ఉందో కొంతకాలం దూరం నుంచి గమనించండి. ప్రశ్నలను సహించనివారి దగ్గర చేరవద్దు.

ఒక రోజు తప్పిపోతే మరునాడు రెట్టింపు చేసి సరిపెట్టాలని చూడకుండా, మామూలు సమయానికే కూర్చుని మామూలు సంకల్పంతోనే మొదలుపెట్టండి. మూడు నెలలు నిలకడగా సాగాక ఇంకా కూర్చోవాలని మనసు కోరుకుంటే ఆసనాలకూ శ్వాసకూ ఇచ్చే సమయాన్ని అలాగే ఉంచి, జపానికీ మౌనానికీ మరో పది నిమిషాలు చేర్చుకోండి.